థామస్ పెయిన్ అడిగింది దానం కాదు, భూమి బాకీ

మన సభల్లో థామస్ పెయిన్ పేరు ఒక్క వాక్యంలో వచ్చి వెళ్లిపోతుంది. 1847లో, ఇరవై ఏళ్ల వయసులో, జోతిరావు ఫూలే ఆయన రాసిన 'మానవ హక్కులు' చదివారని, ఆ పుస్తకం ఫూలే మీద గాఢమైన ముద్ర వేసిందని వక్తలు చెబుతారు. మరుసటి ఏడాది పూణేలో ఆడపిల్లల బడి తెరిచారని చెప్పి కథను సావిత్రిబాయి వైపు తిప్పుతారు. అది న్యాయమే. కానీ ఆ పుస్తకం రాసిన మనిషి ఎవరు, ఎలా బతికాడు, ఇంకేం రాశాడు అన్నది మనలో చాలామందికి తెలియకుండానే ఉండిపోయింది.

ఇప్పుడు ఆయన గురించి రాయడానికి మాకు ఇంకో కారణం కూడా ఉంది. ప్రభుత్వం ప్రతి పౌరుడికీ షరతులు లేకుండా కొంత డబ్బు క్రమం తప్పకుండా ఇవ్వాలన్న ఆలోచనను సార్వత్రిక కనీస ఆదాయం అంటున్నారు. 2016-17 ఆర్థిక సర్వేలో దాని మీద ఒక పూర్తి అధ్యాయం వచ్చింది. అప్పటి నుంచి మన దేశంలో వాదోపవాదాలు నడుస్తున్నాయి. ఊరికే డబ్బిస్తే జనం సోమరులవుతారని ఒక పక్షం, పేదరికం తగ్గించడానికి ఇదే తేలిక దారి అని ఇంకో పక్షం. ఈ వాదనల్లో ఎక్కువ భాగం ఆ డబ్బును ప్రభుత్వం పేదలకు చేసే మేలుగానే చూస్తుంది. ఆ చూపునే పెయిన్ 1797లో కాదన్నాడు. భూమిలో అందరికీ ఉన్న వాటాను కొందరు తీసుకున్నారు, కాబట్టి వాళ్లు మిగిలిన అందరికీ బాకీ పడ్డారని వాదించాడు. ఆ బాకీ ఎలా తీర్చాలో లెక్కలు కట్టి చూపించాడు. సెంటు భూమి లేని కుటుంబాలు ఎక్కువగా ఉన్న మన వాడల నుంచి చూస్తే ఈ తేడా చాలా పెద్దది.

తండ్రి వృత్తి, చాలని జీతం

పెయిన్ 1737లో ఇంగ్లండ్‌లోని నార్ఫోక్ ప్రాంతంలో, థెట్‌ఫర్డ్ అనే చిన్న పట్టణంలో పుట్టాడు. తండ్రి జోసెఫ్ ఆడవాళ్లు నడుముకు బిగించుకునే కార్సెట్లు కుట్టేవాడు. తండ్రి క్వేకర్, తల్లి ఫ్రాన్సెస్ ఇంగ్లండ్ అధికారిక చర్చికి చెందిన మనిషి. క్వేకర్లు ఆ చర్చికి బయట ఉన్నవాళ్లు కాబట్టి ప్రభుత్వ పదవులకూ విశ్వవిద్యాలయాలకూ దూరంగా ఉండాల్సి వచ్చేది. ఊరి బడిలో కొన్నేళ్లు చదివించాక, పదమూడో ఏట తండ్రి కొడుకును తన పనిలోనే పెట్టుకున్నాడు.

తండ్రి వృత్తి కొడుకు మెడకు పడడం మనకు కొత్త కాదు. అయితే ఇంగ్లండ్‌లో ఆ వృత్తి వదిలి ఇంకో ఊరు పోయిన కుర్రాడిని అక్కడ ఎవరూ నీ కులమేమిటని అడగరు. పెయిన్ పోయాడు. కొంతకాలం ఓడ మీద పని చేశాడు. తిరిగి వచ్చి శాండ్‌విచ్ పట్టణంలో సొంతంగా కార్సెట్ల దుకాణం పెట్టాడు. 1759లో మేరీ లాంబర్ట్‌ను పెళ్లి చేసుకున్నాడు. కొద్ది కాలానికే ఆమె కాన్పులో చనిపోయింది. బిడ్డ కూడా దక్కలేదు.

ఆ తర్వాత ఎక్సైజ్ శాఖలో చిన్న ఉద్యోగంలో చేరాడు. సరుకు చూడకుండానే చూసినట్టు రాశాడన్న కారణంతో 1765లో ఆయన్ను తీసేశారు. అర్జీ పెట్టుకుంటే మళ్లీ తీసుకుని, 1768లో సస్సెక్స్ ప్రాంతంలోని లూయిస్ పట్టణానికి పంపారు. జీతం ఏడాదికి 50 పౌండ్లు. అందులోంచే గుర్రాన్ని మేపుకోవాలి, ఇల్లు గడుపుకోవాలి. 1772లో తోటి ఉద్యోగుల తరఫున ఆయన ఒక విన్నపం రాశాడు. కడుపు నిండని ఉద్యోగి చేతికి పన్ను వసూలు అప్పగించి నిజాయితీగా ఉండమనడం ఎంతవరకు కుదురుతుందన్నది అందులోని వాదన. ఆ చలికాలమంతా లండన్‌లో పార్లమెంటు సభ్యుల చుట్టూ తిరిగాడు. జీతం పైసా పెరగలేదు. 1774లో అనుమతి లేకుండా పనికి రాలేదని మళ్లీ ఉద్యోగం తీసేశారు. నడుపుతున్న పొగాకు దుకాణం మునిగింది, ఇంట్లో సామాను వేలంలో పోయింది. రెండో భార్య ఎలిజబెత్‌తో విడిపోయాడు.

లూయిస్‌లో ఆయన చేసిన ఇంకో పనిని మనం ప్రత్యేకంగా గమనించాలి. అక్కడి చర్చి పరిధికి ఒక స్థానిక కమిటీ ఉండేది. ఊళ్లో పన్ను వసూలు చేసి, అందులోంచి పేదలకు సాయం పంచడం దాని బాధ్యతల్లో ఒకటి. పెయిన్ అందులో సభ్యుడు. అప్పటి ఇంగ్లండ్ చట్టం ప్రకారం సాయం కావాలంటే ఆ పరిధికి చెందినవాళ్లమని రుజువు చేసుకోవాలి. రుజువు లేకపోతే సొంత ఊరికి తిప్పి పంపేవాళ్లు. పని వెతుక్కుంటూ వలస వచ్చి జబ్బు పడ్డవాళ్ల గతి అదే. రేషన్ కార్డు కోసం, కుల ధ్రువీకరణ పత్రం కోసం తహసీల్దార్ ఆఫీసు మెట్లెక్కి దిగినవాళ్లకు ఆ పద్ధతి ఎలా ఉంటుందో విడిగా చెప్పక్కర్లేదు. ఎవరు అర్హులో పెద్దమనుషులు కూర్చుని తేల్చే ఏర్పాటును పెయిన్ లోపలి నుంచి చూశాడు. ఆ తర్వాత ఆయన రాసిన ప్రతి పథకంలోనూ దాన్ని తీసెయ్యాలనే ప్రయత్నం కనిపిస్తుంది.

పుట్టుకతో వచ్చే అధికారం మీద

లండన్‌లో పరిచయమైన బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఇచ్చిన పరిచయ లేఖ పట్టుకుని పెయిన్ అమెరికా ఓడ ఎక్కాడు. 1774 నవంబర్ 30న ఫిలడెల్ఫియాలో దిగేటప్పటికి జ్వరంతో నడవలేని స్థితి. ఓడ మీద నుంచి మోసుకుని దించారు. అప్పటికి ఆయన వయసు 37. చేతిలో ఉద్యోగం లేదు, ఆస్తి లేదు, చెప్పుకోదగ్గ పేరు లేదు. కొద్ది నెలల్లోనే ఒక మాసపత్రిక సంపాదకుడయ్యాడు. 1776 జనవరిలో 'కామన్ సెన్స్' అనే చిన్న పుస్తకం అచ్చు వేశాడు.

ఆ పుస్తకం దాడి చేసింది ఒక రాజు మీద మాత్రమే కాదు. రాజు కొడుకు కాబట్టి రాజు కావాలన్న పద్ధతి మీదనే. పుట్టుక ఒకడికి అధికారాన్ని, ఇంకొకడికి విధేయతను కట్టబెట్టడం బుద్ధికి నిలిచే మాట కాదని పెయిన్ వాదించాడు. భాష కూడా పనిచేసే జనం భాషే. చదువు రానివాళ్లకు కూడా ఎవరైనా గట్టిగా చదివి వినిపిస్తే అర్థమయ్యేలా రాశాడు. వలస రాజ్యాల్లో ఆ పుస్తకం చేతులు మారుతూ పోయింది. జూలైలో స్వాతంత్య్ర ప్రకటన వచ్చింది. దాని మీద వచ్చే ఆదాయాన్ని సైనికులకు చేతి తొడుగులు కొనడానికి ఇచ్చేశాడు.

1780 మార్చిలో పెన్సిల్వేనియా శాసనసభ బానిసత్వాన్ని క్రమంగా రద్దు చేసే చట్టం తెచ్చినప్పుడు ఆ సభ గుమాస్తా పెయినే. ఆ చట్టం ఎంత వెనకాడిందో కూడా చెప్పుకోవాలి. అప్పటికే బానిసలుగా ఉన్నవాళ్లకు అది విముక్తి ఇవ్వలేదు. చట్టం వచ్చాక బానిస తల్లులకు పుట్టిన పిల్లలు కూడా 28 ఏళ్లు వచ్చేదాకా చాకిరీ చేయాల్సిందే. పెయిన్ మాత్రం ఈ విషయంలో చివరిదాకా వెనక్కి తగ్గలేదు. 1804లో లూసియానాలోని ఫ్రెంచివాళ్లు ఆఫ్రికా నుంచి బానిసలను దిగుమతి చేసుకునే హక్కు కావాలని అడిగారు. అలాంటి అధికారాన్ని హక్కు అనడానికి వాళ్లకు నోరెలా వచ్చిందని పెయిన్ బహిరంగంగా నిలదీశాడు.

ఫూలే చదివిన పుస్తకం

1787లో ఆయన యూరప్‌కు తిరిగి వచ్చాడు. రెండేళ్లకు ఫ్రెంచి విప్లవం మొదలైంది. 1790లో ఎడ్మండ్ బర్క్ ఆ విప్లవాన్ని ఖండిస్తూ, పూర్వీకులు కట్టి ఇచ్చిన వ్యవస్థలను కూలదోయకూడదని పుస్తకం రాశాడు. దానికి జవాబుగా పెయిన్ 1791లో 'మానవ హక్కులు' మొదటి భాగం, 1792 ఫిబ్రవరిలో రెండో భాగం రాశాడు. ప్రతి తరానికీ తనను తాను పాలించుకునే హక్కు ఉందని, ఎప్పుడో చనిపోయినవాళ్లు రాసిన శాసనం బతికి ఉన్నవాళ్లను కట్టిపడేయలేదని అందులో తేల్చి చెప్పాడు. మనుస్మృతి రాజ్యమేలిన పూణేలో ఒక మాలి కులపు యువకుడు ఈ వాదనను చదివినప్పుడు అది ఎక్కడ తగిలి ఉంటుందో మనం సులువుగానే ఊహించుకోవచ్చు.

రెండో భాగం చివర్లో ఇంకో విషయం ఉంది. రాచకుటుంబం మీద, సైన్యం మీద, ఉత్త పదవుల మీద పోతున్న పన్ను డబ్బు లెక్క తీసి, దాన్ని ఎలా పంచవచ్చో రాశాడు. పేద కుటుంబాల్లో 14 ఏళ్ల లోపు ప్రతి బిడ్డకూ ఏడాదికి 4 పౌండ్లు ఇవ్వాలి, ఆ పిల్లలను బడికి పంపాలి. 50 దాటిన పేదలకు ఏడాదికి 6 పౌండ్లు, 60 దాటితే 10 పౌండ్లు. ఆ వయసు వాళ్లు అప్పటిదాకా కట్టిన పన్నుల్లోంచే తిరిగి పొందుతున్నారు కాబట్టి ఇది వాళ్ల హక్కని చెప్పాడు. అయితే 1792 నాటికి ఆయన పథకం ఇంకా పేదలను వేరు చేసి చూసేదే. ఎవరు పేదలో ఎవరో ఒకరు తేల్చాలి. ఐదేళ్ల తర్వాత ఆ మెట్టు కూడా దాటాడు.

రెండో భాగం చవక ప్రతులు చేతివృత్తుల వాళ్లకు, కూలీలకు చేరుతున్నాయని తెలిసి ప్రభుత్వం రాజద్రోహం కేసు పెట్టింది. ఆ చలికాలం ఇంగ్లండ్‌లో ఊరూరా ఆయన దిష్టిబొమ్మలు తగలబెట్టించారు. పెయిన్ సెప్టెంబర్‌లోనే ఫ్రాన్స్ చేరుకున్నాడు. అక్కడి జాతీయ కన్వెన్షన్‌కు ఎన్నికయ్యాడు. డిసెంబర్‌లో లండన్ కోర్టు ఆయన లేకుండానే విచారించి దోషి అని తేల్చింది.

ఫ్రాన్స్‌లో కూడా ఆయన అనుకూలమైన మాట మాట్లాడలేదు. రాచరికం పోవాలని కోరినవాడే, పదహారో లూయీని చంపకూడదని, దేశం నుంచి పంపేయాలని 1793 జనవరిలో వాదించాడు. ఆ మాట అధికారంలోకి వచ్చినవాళ్లకు గుర్తుండిపోయింది. ఆ ఏడాది డిసెంబర్ 28న అరెస్టు చేసి లక్సెంబర్గ్ జైల్లో పెట్టారు. పది నెలలకు పైగా అక్కడే, ఎక్కువ కాలం జబ్బుతో. మరణశిక్షకు తీసుకెళ్లాల్సినవాళ్ల గదుల తలుపుల మీద సుద్దతో గుర్తు పెట్టేవాళ్లని, తన గది తలుపు తెరిచి ఉండడంతో గుర్తు లోపలి వైపు పడిందని, తలుపు మూశాక బయటికి కనిపించక బతికిపోయానని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. 1794 నవంబర్‌లో అమెరికా రాయబారి జేమ్స్ మన్రో విడిపించి తన ఇంట్లో పెట్టుకున్నాడు.

పదిహేను పౌండ్ల లెక్క

బయటికి వచ్చేటప్పటికి పారిస్‌లో రొట్టె దొరకని రోజులు. 1795లో తెచ్చిన కొత్త రాజ్యాంగం నేరుగా పన్ను కట్టేవాళ్లకే ఓటు అంది. పెయిన్ దాన్ని వ్యతిరేకించాడు, ఫలితం లేకపోయింది. ఆ చలికాలంలో, ఇంకా పూర్తిగా కోలుకోని ఒంటితో, ఆయన 'అగ్రేరియన్ జస్టిస్' రాశాడు. భూ న్యాయం అని చెప్పుకోవచ్చు. 1797లో అచ్చయింది.

దాన్ని అచ్చుకు ఇవ్వాలన్న తొందర ఒక బిషప్ వల్ల వచ్చింది. లాండాఫ్ బిషప్ రిచర్డ్ వాట్సన్ ఒక ప్రసంగంలో ధనికులనూ పేదలనూ సృష్టించడంలో దేవుడి జ్ఞానాన్నీ మంచితనాన్నీ కీర్తించాడు. పెయిన్ జవాబు సూటిగా ఉంది. దేవుడు ధనిక, పేద అని సృష్టించలేదు. ఆడ, మగ అని సృష్టించి ఇద్దరికీ భూమిని వారసత్వంగా ఇచ్చాడు. పేదరికం మనుషులు తెచ్చిందని, మనుషులే దాన్ని సరిచేయాలని దాని అర్థం. పూర్వజన్మ కర్మ వల్లే ఈ జన్మలో ఇలా పుట్టామని మన పూర్వీకులకు చెప్పినవాళ్లకూ ఆ బిషప్‌కూ మధ్య దూరం ఎంతో మాకు కనిపించలేదు.

వాదన ఇలా సాగుతుంది. దున్నక ముందు భూమి మనుషులందరి ఉమ్మడి ఆస్తి. దున్నినవాడు, చెట్టు కొట్టి చదును చేసినవాడు దాని విలువ పెంచాడు. ఆ పెరిగిన విలువ అతనిదే. కానీ ఆ కింద ఉన్న నేల అతను చేసింది కాదు. నేలను తన ఒక్కడికే ఉంచుకున్నందుకు అతను మిగిలిన సమాజానికి శిస్తు బాకీ పడతాడు. భూస్వామ్యం పెరిగిన కొద్దీ ఎక్కువమంది తమ సహజ వారసత్వాన్ని పోగొట్టుకున్నారు, పరిహారం మాత్రం ఎవరికీ దక్కలేదు. పెయిన్ బతికిన కాలంలోనే ఇంగ్లండ్ పార్లమెంటు చట్టం తర్వాత చట్టం చేసి ఊరుమ్మడి పొలాలకు, పచ్చిక బయళ్లకు కంచెలు వేయించింది. పేదవాడి ఆవు మేసే చోటు ఆసామి పొలంలో కలిసిపోయింది. బంజరు, పోరంబోకు భూములు ఎలా మాయమయ్యాయో చూసిన ఊళ్లకు ఈ కథ తెలిసిందే.

భూమి కాని ఆస్తిని కూడా ఆయన వదల్లేదు. సమాజం లేకుండా ఒంటరి మనిషి ఆస్తి కూడబెట్టలేడు కాబట్టి అందులో కొంత సమాజానికి తిరిగి రావాలన్నాడు. చాలాచోట్ల ఆ ఆస్తి పని చేసినవాళ్లకు తక్కువ కూలి ఇవ్వడం వల్ల పోగైందేనని, అందుకే పని చేసిన చెయ్యి ముసలితనంలో ఆకలితో పోతుంటే పని చేయించుకున్నవాడు సుఖంగా ఉన్నాడని కూడా రాశాడు.

ఇక పథకం. 21 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ ఒక్కసారి 15 పౌండ్లు. 50 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ బతికినంత కాలం ఏడాదికి 10 పౌండ్లు. చూపులేనివాళ్లకు, వికలాంగులకు అంతకు ముందే. స్త్రీ, పురుషుడు తేడా లేదు. అప్పుడే సంసారం మొదలుపెట్టిన జంటకు ఇద్దరివీ కలిపి 30 పౌండ్లు వస్తే ఒక ఆవు, కొన్ని ఎకరాలు సాగు చేసుకునే పనిముట్లు కొనుక్కోవచ్చని, వాళ్లు సమాజానికి భారం కాకుండా నిలబడతారని ఆయన ఆలోచన.

డబ్బు ఎక్కడి నుంచి? ఇంగ్లండ్ ఆస్తి మొత్తం విలువను 130 కోట్ల పౌండ్లుగా తీసుకున్నాడు. యజమానులు చనిపోతుంటే అది దాదాపు 30 ఏళ్లలో ఒకసారి పూర్తిగా చేతులు మారుతుంది. అలా మారేటప్పుడు పదో వంతు నిధికి రావాలి, దగ్గరి వారసులు లేకపోతే ఇంకా ఎక్కువ రావాలి. ఏడాదికి 56 లక్షల పౌండ్లకు పైగా వస్తాయని, ఇవ్వాల్సినవాళ్లందరికీ సరిపోతాయని చూపించాడు. బతికి ఉన్నవాడి ఆస్తి లాక్కోవడం లేదని, చనిపోయినవాడికి దానితో పని లేదని ఆయన ధీమా.

ఈ పథకంలో డబ్బు ధనికుడికి కూడా వస్తుంది. ఎందుకని ఎవరైనా అడుగుతారని ఆయనకు తెలుసు. సహజ వారసత్వానికి బదులుగా ఇచ్చేది కాబట్టి అది అందరికీ హక్కు. అక్కర్లేనివాళ్లు నిధిలోనే వదిలేయవచ్చు. పేదలకు మాత్రమే అంటే ఎవరు పేదో తేల్చే కమిటీ మళ్లీ వస్తుంది. లూయిస్‌లో ఆ కమిటీలో కూర్చున్న మనిషి పాతికేళ్ల తర్వాత తీసుకున్న నిర్ణయం ఇది.

స్పెన్స్ అభ్యంతరం

ఈ ఆలోచన మీద మొదటి గట్టి విమర్శ పేదల పక్షం నుంచే వచ్చింది. న్యూకాజిల్‌లో పుట్టిన థామస్ స్పెన్స్ అప్పటికే చాలా ఏళ్లుగా భూమి ఊరందరిదీ కావాలని ప్రచారం చేస్తున్నాడు. 1797లోనే 'శిశువుల హక్కులు' అనే చిన్న పుస్తకం రాసి పెయిన్‌ను తప్పుపట్టాడు. భూమిని భూస్వాముల దగ్గరే ఉంచి, పోయిన వారసత్వానికి చిల్లర చేతిలో పెట్టి సరిపెట్టుకోమంటావా అన్నది స్పెన్స్ ప్రశ్న. ఆయన దారి వేరు. ప్రతి పరిధిలోని భూమి అక్కడి జనం ఉమ్మడి ఆస్తి కావాలి. వేలంలో కౌలుకు ఇవ్వాలి. ఖర్చులు పోగా మిగిలిన శిస్తును మూడు నెలలకోసారి ఆడ, మగ, పసిబిడ్డ తేడా లేకుండా సమానంగా పంచాలి. ఈ పని ఆడవాళ్ల కమిటీలు చూడాలి. ఇవాళ సార్వత్రిక కనీస ఆదాయం అంటున్నదానికి పెయిన్ కన్నా స్పెన్స్ ఇంకా దగ్గరగా ఉన్నాడు.

మా దృష్టిలో ఈ వాదం ఇంకా తేలలేదు. భూమి బదులు డబ్బా, భూమితో పాటు డబ్బా అన్న ప్రశ్న ఇవాళా అలాగే నిలబడి ఉంది.

ఓటు లేని ముసలితనం

1802లో పెయిన్ అమెరికాకు తిరిగి వచ్చాడు. ఫ్రాన్స్‌లో ఉన్నప్పుడు రాసిన 'ఏజ్ ఆఫ్ రీజన్' అప్పటికే ఆయన కన్నా ముందు అక్కడికి చేరింది. దేవుడు ఉన్నాడని నమ్ముతూనే బైబిల్ దేవుడి మాట అన్నదాన్ని ఆయన అందులో కొట్టేశాడు. పత్రికలు తిట్టిపోశాయి, పాత స్నేహితులు మొహం చాటేశారు. న్యూయార్క్ రాష్ట్రం 1784లో ఆయన సేవలకు గుర్తుగా న్యూ రొషెల్‌లో పొలం ఇచ్చింది. ఆ ఊళ్లోనే 1806లో ఓటు వేయడానికి వెళ్తే, నువ్వు అమెరికా పౌరుడివి కావంటూ అధికారులు తిప్పి పంపారు.

ఆ పొలం బ్రిటిష్ రాజు పక్షాన నిలిచిన ఒకరి నుంచి స్వాధీనం చేసుకున్నది. అంతకు ముందు ఆ నేల అంతా ఆదివాసులది. 'అగ్రేరియన్ జస్టిస్'లో పెయిన్ ఉత్తర అమెరికా ఆదివాసులను గౌరవంగా తలుచుకున్నాడు. యూరప్ వీధుల్లో కనిపించే దరిద్రం వాళ్లలో లేదని రాశాడు. కానీ వాళ్ల నుంచి తీసుకున్న నేలకు ఎంత బాకీ పడ్డారో ఆయన లెక్క కట్టలేదు. కట్టింది ఇంగ్లండ్ లెక్క ఒక్కటే. ఆయన సూత్రాన్ని ఆయనే ఆపిన చోట మనం ఆపనక్కర్లేదు.

1809 జూన్ 8న న్యూయార్క్‌లో చనిపోయాడు. తమ శ్మశానంలో చోటు ఇవ్వడానికి క్వేకర్లు ఒప్పుకోలేదు. పొలంలోనే ఒక మూల పూడ్చారు. వచ్చినవాళ్లు కొద్దిమందే, వాళ్లలో ఇద్దరు నల్లజాతివాళ్లని జీవితచరిత్రకారులు రాశారు. పదేళ్ల తర్వాత విలియం కాబెట్ అనే పాత్రికేయుడు ఘనంగా సమాధి కట్టిస్తానని ఎముకలు తవ్వి ఇంగ్లండ్‌కు తీసుకెళ్లాడు. సమాధి కట్టలేదు. ఎముకలు ఏమయ్యాయో తేలలేదు.

మన ఎకరాల లెక్క

పెయిన్ సూత్రాన్ని తెచ్చి మన రాష్ట్రాల మీద పెట్టి చూస్తే అంతా తలకిందులుగా కనిపిస్తుంది. 2011 జనగణన ప్రకారం దేశ జనాభాలో షెడ్యూల్డ్ కులాలు 16.6 శాతం. 2015-16 వ్యవసాయ గణనలో వాళ్ల చేతిలో ఉన్న సాగు విస్తీర్ణం 9 శాతం లోపే. పెయిన్ భాషలో చెప్పాలంటే మనం బాకీ రావాల్సినవాళ్లం.

తెలంగాణలో 2018 మేలో రైతుబంధు మొదలైంది. పట్టా ఉన్నవాళ్లకు ఎకరానికి సీజన్‌కు 4,000 రూపాయలు. పదెకరాల ఆసామికి ఏడాదికి 80,000. ఆ పొలాన్ని కౌలుకు చేసినవాడికి ఏమీ లేదు, అందులో నాటు వేసిన ఆడకూలీకి ఏమీ లేదు. నేలను ఉంచుకున్నవాడు మిగతావాళ్లకు చెల్లించాలని పెయిన్ అన్నాడు. ఇక్కడ నేలను ఉంచుకున్నవాడికే ఖజానా చెల్లించింది, అదీ ఎన్ని ఎకరాలు ఉంచుకుంటే అంత. 2025 జనవరిలో రైతు భరోసా కింద ఎకరానికి ఏడాదికి 12,000 ప్రకటించారు. దాంతో పాటే భూమిలేని కూలీ కుటుంబానికి ఇందిరమ్మ ఆత్మీయ భరోసా పేరుతో ఏడాదికి 12,000 అన్నారు. భూమి లేనివాళ్లను మొదటిసారి లెక్కలోకి తీసుకున్నందుకు అది ముందడుగే. అయితే ఒక్క ఎకరానికి ఎంతో, సెంటు లేని కుటుంబం మొత్తానికీ అంతే. పైగా పట్టాదారుకు సాగు యోగ్యమైన భూమి ఉంటే చాలు. కూలీ కుటుంబం మాత్రం ఉపాధి హామీలో 20 రోజులు పని చేసినట్టు చూపించాలి.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకు వచ్చినా ఇదే తీరు. పెయిన్ వారసత్వ ఆస్తి మీద పన్ను వేశాడు. మన దేశంలో అలాంటి ఎస్టేట్ సుంకాన్ని 1985లో రద్దు చేశారు. సంపద పన్నును 2015 బడ్జెట్‌లో తీసేశారు. 2016-17 ఆర్థిక సర్వే మనిషికి ఏడాదికి 7,620 రూపాయల చొప్పున నాలుగింట మూడు వంతుల జనాభాకు ఇస్తే జీడీపీలో 4.9 శాతం ఖర్చవుతుందని లెక్క కట్టింది. ఆ డబ్బు కోసం అది ముందుగా చూసింది అప్పటికే నడుస్తున్న పథకాలు, సబ్సిడీల వైపు. రేషన్ బియ్యం, ఉపాధి హామీ, సబ్‌ప్లాన్ నిధులు తీసి మన చేతిలోనే నగదుగా పెడితే అది మన బాకీని మన జేబులోంచే తీర్చడం అవుతుంది.

అలాగని ఈ ఆలోచనను మనం తోసిపుచ్చలేం. 1991లో చుండూరులో దళితులను చంపడానికి ముందు వాళ్లకు పనులు బంద్ చేశారు. పొలం పనికి పిలవం అన్న మాట ఇప్పటికీ భూస్వామి చేతిలో కత్తే. ఆ మాట ఎంత భయంకరమో తెలిసిన అంబేద్కర్, 1947లో రాసిన 'రాష్ట్రాలు, మైనారిటీలు' పత్రంలో సాంఘిక బహిష్కరణను శిక్షించదగిన నేరంగా చేయాలని అడిగారు. ఏ ఆసామీ ఆపలేని డబ్బు నెలనెలా ఇంటికి వస్తే ఆ కత్తి పదును కొంత తగ్గుతుంది. 2011-12లో మధ్యప్రదేశ్‌లో 'సేవా' సంస్థ కొన్ని గ్రామాల్లో షరతులు లేకుండా పెద్దలకు నెలకు 200, పిల్లలకు 100 రూపాయలు ఇచ్చి చూసింది. తర్వాత దాన్ని 300, 150కి పెంచింది. జనం సోమరులు కాలేదు. ఆదివాసీ గ్రామంలో కూలికి వెళ్లడం తగ్గి సొంత చెలకల్లో పని పెరిగింది.

కానీ ఆ ఆదివాసులకు వెళ్లడానికి సొంత చెలకలు ఉన్నాయి. మన వాడల్లో చాలామందికి లేవు. అందుకే అంబేద్కర్ అదే పత్రంలో నగదు దగ్గర ఆగలేదు. వ్యవసాయ భూమిని రాజ్యం తీసుకుని, కులమతాల తేడా లేకుండా ఊరివాళ్లకు ఉమ్మడి సాగుకు ఇవ్వాలని, భూస్వామి, కౌలుదారు, భూమిలేని కూలీ అనే మూడు రకాల మనుషులూ ఉండకూడదని ప్రతిపాదించారు. భూమి విషయంలో ఆయన పెయిన్ కన్నా స్పెన్స్‌కు దగ్గర. పెయిన్ మనకు ఇచ్చింది ఇంకొకటి. డబ్బు అడిగేటప్పుడు తల దించుకోనక్కర్లేని కారణం.

కనీస ఆదాయం మీద ఏ పార్టీ మేనిఫెస్టో వచ్చినా, ఏ ప్రభుత్వ పత్రం వచ్చినా మనం వేయాల్సిన ప్రశ్నలు ఈ జీవితంలోంచే వస్తాయి. ఆ డబ్బు ఎవరి ఆస్తి మీద పన్ను వేసి తెస్తున్నారు? దానికి బదులుగా మన దగ్గర నుంచి ఏం తీసేస్తున్నారు? ఎవరు అర్హులో తేల్చడానికి ఎవరు కూర్చుంటున్నారు? భూ పంపిణీ మాట అందులో ఉందా, లేదా? ఈ నాలుగింటికి జవాబు చెప్పని పథకం ఎంత పెద్ద మొత్తం ప్రకటించినా, పెయిన్ 1797లో వద్దన్న దానమే అవుతుంది.